భాగం 11: వేడెక్కిన పాత లారీలో స్టార్టర్ లోపాలు - నిర్ధారణ, మరమ్మతు

విషయక్రమం

11.0 లక్ష్యాలు
11.1 పరిచయం
11.2 స్టార్టర్ పనిచేసే తీరు
11.3 వేడి వల్ల వచ్చే మార్పులు
11.4 లక్షణాలను బట్టి వర్గీకరణ
11.5 పరీక్షకు ముందు జాగ్రత్తలు
11.6 వోల్టేజి తగ్గుదల పరీక్ష
11.7 ఉదాహరణ
11.8 మరమ్మతు క్రమం
11.9 సారాంశం
11.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు
11.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:

- ఉదయం చల్లగా ఉన్నప్పుడు బాగా స్టార్టయిన లారీ, వేడెక్కి ఆగిన తరవాత ఎందుకు మొరాయిస్తుందో వివరించగలరు.
- స్టార్టర్ లోపాన్ని, ఇంధన వ్యవస్థ లోపాన్ని వేరుచేసి గుర్తించగలరు.
- సాధారణ మల్టీమీటరుతో వోల్టేజి తగ్గుదల పరీక్ష చేసి, లోపం ఏ సంధిలో ఉందో చెప్పగలరు.
- తక్కువ ఖర్చు మరమ్మతుతో మొదలుపెట్టి వరసగా ఏమి చేయాలో నిర్ణయించగలరు.

11.1 పరిచయం

పుణె నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి హైదరాబాద్ నగరంలో ఎర్రగడ్డ, అమీర్‌పేట, పంజాగుట్ట మీదుగా సాగుతుంది. పాతవారు దీన్ని ఇప్పటికీ బొంబాయి హైవే అంటారు. అమీర్‌పేటలో మెట్రో రైలు రెండు మార్గాలు కలుస్తాయి. పైన వంతెన మీద రైలు సాగిపోతుంటే కింద వాహనాలు ఆగుతూ, కదులుతూ వెళతాయి. ఈ రద్దీలో నీళ్ల ట్యాంకర్లు, ఇసుక బండ్లు, ఇంటి సామాను మోసే డీసీఎంలు కూడా ఉంటాయి.

పాత లారీలతో ఈ రహదారికి సంబంధం ఉంది. 1980లలో ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు ఇదే రహదారి మీది జహీరాబాద్‌లో తయారయ్యేవి. మాతృసంస్థ హైదరాబాద్ ఆల్విన్ అమీర్‌పేటకు దగ్గరలోని సనత్‌నగర్‌లో ఉండేది. అదే దశకంలో డీసీఎం టయోటా బండ్లు రోడ్డెక్కాయి. 1986లో టాటా 407 వచ్చింది. డీసీఎం పేరు మన ప్రాంతంలో ఎంతగా స్థిరపడిందంటే, ఏ కంపెనీ మధ్యతరహా లారీనైనా 'డీసీఎం' అనడం ఇప్పటికీ అలవాటే.

ఇలాంటి పాత బండ్లలో తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. పొద్దున షెడ్డులో తాళం తిప్పగానే స్టార్టవుతుంది. రద్దీలో గంటసేపు నడిచాక, సరుకు దించడానికి పదిహేను నిమిషాలు ఆపి మళ్లీ తాళం తిప్పితే 'టక్' మని ఒక్క చప్పుడు, అంతే. గంట తరవాత, ఏమీ చేయకుండానే, మళ్లీ స్టార్టవుతుంది.

ఇది చిన్న ఇబ్బంది కాదు. రోడ్డు మధ్యలో బండి ఆగితే వెనక ట్రాఫిక్ నిలిచిపోతుంది. భారీ వాహనాలకు నగరంలో పోలీసులు పెట్టే సమయ నిబంధనలు దాటితే జరిమానా పడుతుంది. మళ్లీ స్టార్టు కాదన్న భయంతో చాలామంది డ్రైవర్లు సరుకు దించేంతసేపూ ఇంజన్ ఆపరు. డీజిల్ వృథా అవుతుంది, పొగ పెరుగుతుంది. పైగా కొలవకుండా ముందుగా స్టార్టర్, తరవాత బ్యాటరీ, ఆపైన సోలనాయిడ్ మార్చుకుంటూ పోతే ఒకే బండి సొంతదారుకు నెల సంపాదన పోవచ్చు. లోపం మాత్రం ఒక తుప్పు పట్టిన బోల్టులో అలాగే ఉండిపోవచ్చు.

వేడిలో వచ్చే లోపాన్ని వేడిలోనే కొలవాలి. ఈ భాగానికి ఇదే మూలసూత్రం. బండి చల్లారాక వర్క్‌షాపులో చేసిన పరీక్షలో అన్నీ బాగున్నట్లే కనిపిస్తాయి.

11.2 స్టార్టర్ పనిచేసే తీరు

చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్ 1912 మోడల్ క్యాడిలాక్ కార్లలో వచ్చింది. అంతకు ముందు ఇంజన్‌ను చేతి హ్యాండిల్‌తో తిప్పేవారు. హ్యాండిల్ ఎదురు తన్ని చేతులు విరిగిన సందర్భాలుండేవి. మన డ్రైవర్లు 'సెల్ఫ్' అనేది ఈ స్టార్టర్‌నే. మన దేశంలో బెంగుళూరు మైకో, చెన్నై లూకాస్ టీవీఎస్ సంస్థలు తయారుచేసిన స్టార్టర్లు పాత లారీల్లో విరివిగా కనిపిస్తాయి.

స్టార్టర్‌లో రెండు వలయాలున్నాయని ముందుగా గుర్తుంచుకోండి.

అ) చిన్న వలయం: బ్యాటరీ నుంచి తాళం స్విచ్చి ద్వారా సోలనాయిడ్‌కు వెళ్లే సన్నని తీగ. ఇది చేరే టెర్మినల్ మీద సాధారణంగా 50 అని ఉంటుంది. సోలనాయిడ్‌లో రెండు తీగచుట్టలుంటాయి. ఒకటి ప్లంజర్‌ను లోపలికి లాగుతుంది, రెండోది దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది.

ఆ) పెద్ద వలయం: బ్యాటరీ ప్లస్ నుంచి లావు కేబుల్ ద్వారా సోలనాయిడ్ పెద్ద బోల్టుకు, అక్కడి నుంచి రాగి కాంటాక్టుల మీదుగా మోటారుకు, మోటారు బాడీ నుంచి ఇంజన్‌కు, ఇంజన్ నుంచి ఎర్త్ పట్టీ ద్వారా ఛాసిస్‌కు, చివరకు బ్యాటరీ మైనస్‌కు.

తాళం తిప్పగానే ప్లంజర్ లోపలికి కదిలి రెండు పనులు చేస్తుంది. లీవరు ద్వారా పినియన్‌ను ఫ్లైవీల్ పళ్లలోకి తోస్తుంది. ప్రయాణం చివరలో రాగి కాంటాక్టులను కలుపుతుంది. అప్పుడు వందల ఆంపియర్ల కరెంటు పెద్ద వలయంలో ప్రవహించి మోటారు తిరుగుతుంది. మనకు వినిపించే 'టక్' చప్పుడు ప్లంజర్ కదలికది. చప్పుడు వచ్చిందంటే చిన్న వలయం ఎంతో కొంత పనిచేస్తోందని మాత్రమే అర్థం. కాంటాక్టులు గట్టిగా కలిశాయని కాదు.

ఎర్త్ పట్టీకి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. రబ్బరు విద్యుద్బంధకం. అందువల్ల స్టార్టర్ కరెంటు మొత్తం తిరిగి వెళ్లడానికి ఈ పట్టీయే దారి. అది తెగినా, తుప్పు పట్టినా, కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ వంటి సన్నని దారులు వెతుక్కుంటుంది. స్టార్టు చేసేటప్పుడు అలాంటి కేబుల్ వేడెక్కితే ఎర్త్ బాగాలేదని గ్రహించాలి.

11.3 వేడి వల్ల వచ్చే మార్పులు

11.3.1 ఆగిన తరవాత పెరిగే వేడి

ఇంజన్ నడుస్తున్నంతసేపు ఫ్యాను గాలి, నీటి పంపు వేడిని బయటికి తీసుకుపోతాయి. ఇంజన్ ఆపగానే రెండూ ఆగిపోతాయి. సైలెన్సరు మొదటి గొట్టంలో, ఇంజన్ దిమ్మలో నిలిచిన వేడి పక్కనున్న స్టార్టర్‌లోకి చేరుతుంది. కాబట్టి ఆపిన వెంటనే కంటే పది నుంచి ముప్ఫై నిమిషాల తరవాత స్టార్టర్ ఎక్కువ వేడిగా ఉండవచ్చు. ఆపిన మరుక్షణం స్టార్టయ్యే బండి, టీ తాగి వచ్చేసరికి స్టార్టు కాకపోవడానికి కారణం ఇదే. ఎండ 40 డిగ్రీలు దాటే మే నెలలో ఈ వేడి చల్లారడానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది.

11.3.2 రాగి నిరోధం

ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే రాగి నిరోధం సుమారు 0.39 శాతం పెరుగుతుంది. సోలనాయిడ్ చుట్ట 30 డిగ్రీల నుంచి 110 డిగ్రీలకు వేడెక్కిందనుకోండి. పెరుగుదల 80 డిగ్రీలు.

నిరోధంలో పెరుగుదల = 80 × 0.39 = సుమారు 31 శాతం

వోల్టేజి మారకపోతే కరెంటు 1 ÷ 1.31 = 0.76 వంతుకు తగ్గుతుంది. ప్లంజర్‌ను లాగే బలం, ఇనుప గర్భం సంతృప్తం కానంతవరకు, కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

మిగిలిన బలం = 0.76 × 0.76 = సుమారు 0.58 వంతు

అంటే కేవలం వేడి వల్లనే లాగే బలం 40 శాతానికి పైగా తగ్గింది. మంచి స్థితిలోని స్టార్టర్ దీన్ని తట్టుకునేలా తయారవుతుంది. ఇప్పుడు పాతబడిన తాళం స్విచ్చిలో, తీగలో మరో 2 వోల్టులు పోతున్నాయనుకుందాం. సోలనాయిడ్‌కు 12 బదులు 10 వోల్టులే అందుతాయి. కరెంటు మరో 0.83 వంతుకు తగ్గుతుంది. మొత్తం కరెంటు 0.76 × 0.83 = 0.63. బలం 0.63 × 0.63 = సుమారు 0.40 వంతు.

చల్లగా ఉన్నప్పుడు స్విచ్చి లోపం ఒక్కటే ఉంది, బండి స్టార్టయింది. స్విచ్చి బాగున్న బండిలో వేడి ఒక్కటే ఉంటుంది, అదీ స్టార్టవుతుంది. రెండూ కలిసినప్పుడే ప్లంజర్ సగంలో నిలిచిపోతుంది. వేడిలో మాత్రమే కనిపించే లోపం చాలాసార్లు ఇలా రెండు చిన్న లోపాల మొత్తమే.

11.3.3 ఇతర మార్పులు

స్టార్టర్ ఇరువైపులా ఉండే కంచు బుష్షులు అరిగిపోతే ఆర్మేచర్ పక్కకు వాలి, చుట్టూ ఉన్న పోల్ దిమ్మలకు రాసుకుంటుంది. వేడికి లోహాలు వ్యాకోచించి ఈ రాపిడి పెరుగుతుంది. కార్బన్ బ్రష్షులు పొట్టిగా అరిగినా, స్ప్రింగులు వేడికి బలం కోల్పోయినా కమ్యుటేటర్ మీద ఒత్తిడి తగ్గుతుంది.

బ్యాటరీ సంగతి వేరు. వెచ్చని బ్యాటరీ చల్లని దానికంటే సులువుగా కరెంటు ఇస్తుంది. కాని ఆగి ఆగి నడిచే దారిలో ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండి, ఆల్టర్నేటర్ నెమ్మదిగా తిరుగుతుంది. లైట్లు, వైపర్లు వేసి ఉంటే ఛార్జింగ్ చాలకపోవచ్చు. అందువల్ల బ్యాటరీని కూడా ప్రయాణం ముగిశాకే పరీక్షించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1

1. ఇంజన్ ఆపిన తరవాత స్టార్టర్ ఉష్ణోగ్రత ఎందుకు పెరుగుతుంది?
2. ఇంజన్‌కు, ఛాసిస్‌కు మధ్య ఎర్త్ పట్టీ ఎందుకు అవసరం?

11.4 లక్షణాలను బట్టి వర్గీకరణ

'వేడిలో స్టార్టు కావడం లేదు' అనే ఒకే మాట వెనక నాలుగు వేర్వేరు లోపాలుండవచ్చు. డ్రైవరు చెప్పినదాన్ని బట్టి కాకుండా, మీరే విని నిర్ణయించండి.

అ) చప్పుడే లేదు: చిన్న వలయం చూడాలి. తాళం స్విచ్చి, ఫ్యూజు, 50 టెర్మినల్ తీగ, సోలనాయిడ్ చుట్ట.

ఆ) 'టక్' మంటుంది, ఇంజన్ తిరగదు: ప్లంజర్ పూర్తిగా లోపలికి వెళ్లడం లేదు, లేదా రాగి కాంటాక్టులు కాలిపోయాయి, లేదా బ్రష్షులు అందడం లేదు, లేదా పెద్ద వలయంలో ఒక సంధి బాగాలేదు.

ఇ) ఇంజన్ నెమ్మదిగా, మూలుగుతూ తిరుగుతుంది: పెద్ద వలయంలో నిరోధం, అరిగిన బుష్షులు, బలహీనమైన బ్యాటరీ. ఇంజన్ అతిగా వేడెక్కి బిగుసుకుపోతుంటే కూడా ఇలాగే ఉంటుంది. కాబట్టి నీటి మట్టం, ఉష్ణోగ్రత మీటరు ముందుగా చూడాలి.

ఈ) ఇంజన్ జోరుగా తిరుగుతుంది, కాని అందుకోదు: స్టార్టర్ దోషి కాదు. డీజిల్ బండిలో ఇంధన వ్యవస్థ చూడాలి. అరిగిన రోటరీ పంపులో వేడికి పలచబడిన డీజిల్ లోపలే కారిపోయి, స్టార్టింగ్ వేగంలో పీడనం చాలదు. పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు చల్లబరిస్తే స్టార్టయిందంటే అనుమానం పంపు మీదికి మళ్లుతుంది.

రోడ్డు మీద సహాయకులు స్టార్టర్‌ను ఇనుప రాడ్డుతో కొట్టడం మీరు చూసే ఉంటారు. కొట్టగానే పనిచేస్తే బ్రష్షు అంటుకుపోవడం, ప్లంజర్ ఇరుక్కోవడం వంటి లోపం ఉందని సూచన. అది మరమ్మతు కాదు. శాశ్వత అయస్కాంతాలున్న స్టార్టర్లలో దెబ్బకు అయస్కాంతం పగలవచ్చు కూడా.

11.5 పరీక్షకు ముందు జాగ్రత్తలు

- గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డుపెట్టాలి.
- స్క్రూడ్రైవరుతో స్టార్టర్ బోల్టులను కలిపి స్టార్టు చేయకూడదు. గేరులో ఉన్న బండి ఒక్కసారిగా ముందుకు దూకి, కింద ఉన్న మనిషి మీదికి ఎక్కుతుంది. ఇలా ప్రాణాలు పోయిన ఘటనలున్నాయి.
- బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. దగ్గర బీడీ, నిప్పురవ్వ ఉండకూడదు.
- పరీక్ష సమయంలో ఇంజన్ అందుకోకుండా డీజిల్ స్టాప్ నాబ్‌ను లాగి ఉంచాలి. స్టాప్ సోలనాయిడ్ ఉంటే దాని తీగ తీయాలి.
- ఒకసారికి పది సెకన్లకు మించి తిప్పకూడదు. మళ్లీ తిప్పేముందు ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. లేకపోతే పరీక్షే స్టార్టర్‌ను కాల్చేస్తుంది.
- స్టార్టర్ విప్పేముందు బ్యాటరీ ఎర్త్ కేబుల్ ముందుగా తీయాలి, బిగించేటప్పుడు చివరగా బిగించాలి.
- మీటరు తీగలు ఫ్యానుకు, వేడి గొట్టానికి తగలకుండా చూడాలి.

11.6 వోల్టేజి తగ్గుదల పరీక్ష

కేబుల్ బాగుందో లేదో చూడడానికి చాలామంది మల్టీమీటరును నిరోధం మీద పెట్టి కొలుస్తారు. దీనివల్ల ఉపయోగం లేదు. 400 ఆంపియర్లు ప్రవహించే దారిలో 0.0025 ఓమ్ నిరోధం ఉన్నా ఎంత నష్టమో చూడండి.

వోల్టేజి తగ్గుదల = కరెంటు × నిరోధం = 400 × 0.0025 = 1 వోల్టు
వేడిగా మారే సామర్థ్యం = 400 × 1 = 400 వాట్లు

ఇంత చిన్న నిరోధాన్ని మామూలు మల్టీమీటరు చూపలేదు. కాని 1 వోల్టును స్పష్టంగా చూపుతుంది. పైగా ఆ 400 వాట్లు ఒక బోల్టు దగ్గరే వెలువడతాయి కాబట్టి ఆ సంధి మరింత వేడెక్కుతుంది, క్రమంగా మరింత చెడుతుంది.

పద్ధతి: బండిని కనీసం అరగంట నడిపి, ఆపి, పదిహేను నిమిషాలు ఆగండి. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టండి. ఒకరు తాళం తిప్పుతుండగా మరొకరు ఈ క్రమంలో కొలవాలి.

కొలత 1: బ్యాటరీ రెండు పోస్టుల మధ్య. క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదే ముల్లు ఆనించాలి. 12 వోల్టుల బండిలో సుమారు 9.6 వోల్టుల కంటే తగ్గితే బ్యాటరీని ఛార్జి చేసి, విడిగా పరీక్షించాలి.
కొలత 2: బ్యాటరీ ప్లస్ పోస్టు నుంచి సోలనాయిడ్ పెద్ద బోల్టు వరకు. 0.5 వోల్టు మించకూడదు.
కొలత 3: సోలనాయిడ్ రెండు పెద్ద బోల్టుల మధ్య. 0.3 వోల్టు మించకూడదు.
కొలత 4: బ్యాటరీ మైనస్ పోస్టు నుంచి స్టార్టర్ బాడీ వరకు. 0.5 వోల్టు మించకూడదు.
కొలత 5: 50 టెర్మినల్‌కు, స్టార్టర్ బాడీకి మధ్య. ఇది కొలత 1 కంటే ఒక వోల్టుకు మించి తక్కువ ఉంటే చిన్న వలయం చూడాలి. కొలత 4 ఎక్కువగా ఉన్నట్లయితే ముందు ఎర్త్ సరిచేసి మళ్లీ కొలవాలి.

ఈ పరిమితులు సాధారణ మార్గదర్శకాలు. మీ బండి మాన్యువల్‌లో వేరే విలువలుంటే వాటినే పాటించండి. పెద్ద లారీలు చాలావరకు రెండు బ్యాటరీలతో 24 వోల్టుల మీద నడుస్తాయి. వాటికి ఈ అంకెలు వర్తించవు.

'టక్' మని ఆగినప్పుడు కొలత 3 దాదాపు పూర్తి బ్యాటరీ వోల్టేజి చూపితే, రాగి కాంటాక్టులు కలవలేదన్నమాట. అప్పుడు కొలత 5 చూడండి. అది సరిగా ఉంటే లోపం సోలనాయిడ్‌లో ఉంది. తక్కువ ఉంటే లోపం తాళం స్విచ్చిలోనో తీగలోనో ఉంది, సోలనాయిడ్ మార్చినా ఫలితం ఉండదు.

11.7 ఉదాహరణ

12 వోల్టుల పాత నీళ్ల ట్యాంకరు ఒకటి అమీర్‌పేటలో నీళ్లు దించి, పంజాగుట్టలోని అపార్టుమెంటుకు చేరిందనుకుందాం. నీళ్లు దించాక ఇంజన్ నెమ్మదిగా తిరుగుతోంది. చల్లగా ఉన్నప్పుడు, వేడిలో తీసిన కొలతలు ఇవి (వోల్టులలో).

కొలత 1, బ్యాటరీ: చల్లగా 10.6, వేడిలో 10.9
కొలత 2, ప్లస్ కేబుల్: చల్లగా 0.3, వేడిలో 0.3
కొలత 3, కాంటాక్టులు: చల్లగా 0.1, వేడిలో 0.2
కొలత 4, ఎర్త్: చల్లగా 0.4, వేడిలో 2.1

మోటారుకు అందినది:
చల్లగా: 10.6 - 0.3 - 0.1 - 0.4 = 9.8 వోల్టులు
వేడిలో: 10.9 - 0.3 - 0.2 - 2.1 = 8.3 వోల్టులు

వేడిలో బ్యాటరీ వోల్టేజి తగ్గలేదు, పైగా 0.3 పెరిగింది. దీని అర్థం బ్యాటరీ బలపడిందని కాదు. ఎర్త్ దారిలో నిరోధం పెరిగి కరెంటు తగ్గింది, బ్యాటరీ మీద భారం తగ్గింది. మోటారు నెమ్మదిగా తిరుగుతుండగా బ్యాటరీ వోల్టేజి ఎక్కువగా నిలిచి ఉంటే, వలయంలో ఎక్కడో నిరోధం ఉందని గుర్తు.

తరవాత ఎర్త్ దారిని ముక్కలుగా కొలవాలి: పోస్టు నుంచి క్లాంపు, క్లాంపు నుంచి ఛాసిస్, ఛాసిస్ నుంచి ఇంజన్, ఇంజన్ నుంచి స్టార్టర్ బాడీ. 2.1లో 1.8 వోల్టులు ఛాసిస్‌కు, ఇంజన్‌కు మధ్య కనిపించాయనుకోండి. విప్పాల్సింది ఆ పట్టీ రెండు బోల్టులు మాత్రమే. స్టార్టర్‌ను కదిలించే పనే లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2

3. కేబుల్ నిరోధాన్ని మల్టీమీటరుతో నేరుగా కాకుండా వోల్టేజి తగ్గుదల ద్వారా ఎందుకు కొలుస్తాం?
4. 'టక్' మని ఆగిన బండిలో కొలత 3 విలువ 11.8 వోల్టులు, కొలత 5 విలువ 8 వోల్టులు. ఎర్త్ బాగుంది. లోపం ఎక్కడ?

11.8 మరమ్మతు క్రమం

చవకైన పని ముందు, ఖరీదైన పని చివర. ప్రతి మెట్టు తరవాత మళ్లీ వేడిలో కొలవాలి.

1. క్లాంపులు, ఎర్త్ బోల్టులు విప్పి, తుప్పు, పెయింటు పోయేలా లోహం మెరిసేవరకు గీకి, గట్టిగా బిగించాలి. పైన పల్చగా గ్రీజు రాయాలి.
2. తెగిన పోగులున్న ఎర్త్ పట్టీని, లోపల పచ్చగా మారిన కేబుల్‌ను మార్చాలి. కొత్త కేబుల్ పాతదానికంటే సన్నగా ఉండకూడదు. లగ్గు వదులుగా నొక్కిన కేబుల్ కొత్తదైనా పనికిరాదు.
3. చిన్న వలయంలో తగ్గుదల ఉంటే స్విచ్చి మార్చవచ్చు, లేదా రిలే పెట్టవచ్చు. రిలేకు బ్యాటరీ నుంచి లావు తీగ, ఫ్యూజు ద్వారా కరెంటు ఇచ్చి, తాళంతో రిలేను మాత్రమే నడిపిస్తే, సోలనాయిడ్‌కు దాదాపు పూర్తి వోల్టేజి అందుతుంది. సోలనాయిడ్ లాగే కరెంటుకు సరిపడే రిలే వాడాలి. హెడ్‌లైట్ రిలే పెద్ద సోలనాయిడ్‌కు చాలదు.
4. సైలెన్సరు గొట్టానికి, స్టార్టర్‌కు మధ్య ఉండాల్సిన వేడి రేకు పాత బండ్లలో తరచూ మాయమై ఉంటుంది. దాన్ని తిరిగి బిగించాలి. కేబుల్ గొట్టానికి తగలకుండా దారి మార్చాలి.
5. పై నాలుగూ అయ్యాక కూడా లోపం ఉంటే స్టార్టర్ విప్పాలి. బ్రష్షులు, బుష్షులు, సోలనాయిడ్ కాంటాక్టులు మార్చి, కమ్యుటేటర్ శుభ్రం చేయాలి. వీటికి కావలసిన భాగాలు రాణిగంజ్ విడిభాగాల దుకాణాల్లో వెతకవచ్చు. పాత భాగాన్ని వెంట తీసుకెళ్లి కొలత సరిచూసుకోవడం మంచిది.
6. ఆర్మేచర్ కాలిపోయి ఉంటేనే స్టార్టర్ మొత్తం మార్చాలి.

స్టార్టర్ మీద నీళ్లు పోయడం దారిలో ఒకసారి బండిని కదిలించవచ్చు. కాని నీళ్లు లోపలికి దిగి లోపలి భాగాలను పాడుచేస్తాయి. తోసి స్టార్టు చేయడం కూడా లోడు బండికి ప్రమాదమే. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకులకు గాలి లేదా వ్యాక్యూమ్ సహాయం చాలదు.

11.9 సారాంశం

ఇంజన్ ఆగిన తరవాత నిలిచిన వేడి స్టార్టర్‌లోకి చేరుతుంది. రాగి నిరోధం పెరిగి, సోలనాయిడ్ లాగే బలం బాగా తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న వ్యవస్థ దీన్ని తట్టుకుంటుంది. స్విచ్చి, కేబుల్, ఎర్త్, కాంటాక్టుల్లో అప్పటికే కొంత లోపం ఉన్న పాత బండి తట్టుకోలేదు. ముందు లక్షణాన్ని బట్టి వర్గీకరించాలి, తరవాత బండి వేడిగా ఉండగానే వోల్టేజి తగ్గుదల కొలవాలి. కొలత చూపిన చోటే మరమ్మతు చేయాలి. ఇలా చేస్తే ఎన్నోసార్లు ఒక పట్టీ, రెండు బోల్టులతో పని ముగుస్తుంది.

11.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు

1. ఫ్యాను, నీటి పంపు ఆగిపోవడం వల్ల ఇంజన్ దిమ్మ, సైలెన్సరు గొట్టాల వేడి బయటికి పోక స్టార్టర్‌కు చేరుతుంది.
2. రబ్బరు మౌంటింగులు విద్యుత్తును ప్రవహించనీయవు కాబట్టి కరెంటు ఛాసిస్‌కు తిరిగి వెళ్లడానికి పట్టీ కావాలి.
3. ఓమ్‌లో వెయ్యో వంతు స్థాయి నిరోధాన్ని మల్టీమీటరు చూపలేదు. వందల ఆంపియర్లు ప్రవహించేటప్పుడు అదే నిరోధం కొలవదగిన వోల్టేజి తగ్గుదలగా కనిపిస్తుంది.
4. కాంటాక్టులు కలవలేదు. 50 టెర్మినల్‌కు 8 వోల్టులే అందుతున్నాయి కాబట్టి లోపం తాళం స్విచ్చిలో లేదా దాని తీగలో ఉంది.

11.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వేడి వల్ల స్టార్టర్ పనితీరులో వచ్చే మార్పులను లెక్కలతో వివరించండి.
2. వోల్టేజి తగ్గుదల పరీక్ష పద్ధతిని, ఫలితాలను అన్వయించే తీరును రాయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. స్టార్టర్ లోపాన్ని, ఇంధన పంపు లోపాన్ని ఎలా వేరుచేస్తారు?
2. సోలనాయిడ్ చుట్ట 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వేడెక్కింది. వోల్టేజి మారలేదు. లాగే బలం ఎన్నో వంతుకు తగ్గుతుంది?
3. స్టార్టర్ పరీక్షలో పాటించాల్సిన భద్రతా నియమాలేవి?

అభ్యాసం: మీకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ పర్యవేక్షణలో ఒక పాత బండికి చల్లగా ఉన్నప్పుడు, వేడెక్కిన తరవాత ఐదు కొలతలు తీసుకోండి. రెండు వరసలను పోల్చి, తేడా ఎక్కువగా ఉన్న చోటును గుర్తించి, కారణం రాయండి.